కిరసనాయిలు వాసన వస్తే వైన్ చెడినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి స్ట్రాస్‌బర్గ్‌లో పరిశోధన చేస్తున్నాడు. మేము వెళ్లినప్పుడు వాడి ప్రొఫెసర్‌గారు భోజనానికి పిలిచి, ఫ్రాన్సులోని ఆ అల్సాస్ ప్రాంతంలో రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసిన పాత వైట్ వైన్ పోశారు. ఒక కుటుంబం సొంత తోటలో చేసినదనీ, చాలా ఖరీదైనదనీ చెప్పారు. తీపి బొత్తిగా లేదు, నిమ్మరసంలా పుల్లగా ఉంది, పైగా సన్నగా కిరసనాయిలు వాసన వచ్చింది. మర్యాద కోసం ఏమీ అనలేదు. అది పాడైన సీసానా? అంత ధర దేనికి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి ఆ సీసా పాడైనట్టు లేదండీ. ద్రాక్షలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల నుంచి పుట్టే టీడీఎన్ అనే పదార్థం వైన్ సీసాలో ఏళ్ల తరబడి నిలవున్నకొద్దీ పెరుగుతుంది. కిరసనాయిలును తలపించే ఆ వాసన దానిదే. ఎండ బాగా తగిలిన గుత్తులలో అది మరింత ఎక్కువ. తేనె, నిమ్మతొక్క పరిమళాల వెనుక సన్నగా తెలిస్తే రసజ్ఞులు మెచ్చుకుంటారు. మిగిలిన వాసనలన్నిటినీ మింగేస్తే మాత్రం నాకూ నచ్చదు. నిజంగా చెడిన వైన్ అయితే తడిసిన అట్టముక్క వాసనో, వెనిగర్ ఘాటో కొడుతుంది.

రసంలోని చక్కెర దాదాపు అంతా ఆల్కహాలుగా మారేదాకా పులియనిస్తారు కనుక తీపి మిగలదు. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర లేనిది డ్రై, అంటే తీపిలేని వైన్. పులుపు ఎక్కువున్నవాటికి 9 గ్రాముల దాకా సడలింపు ఉంది. అల్సాస్‌లో తియ్యని రీస్లింగ్ కూడా చేస్తారు కాబట్టి కొనేవారు తికమకపడేవారు. 2021 పంట నుంచి లేబుల్‌పై తీపి స్థాయి తెలపడం తప్పనిసరి అయింది. ‘సెక్’ అని ఉంటే డ్రై అన్నమాట. ఇక పులుపు సంగతి. ఫ్రాన్సులోనే మరో ప్రాంతమైన బర్గండీ వైట్ వైన్లలో సాధారణంగా బ్యాక్టీరియా ద్రాక్షలోని పుల్లని మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. రీస్లింగ్‌లో చాలామంది ఆ మార్పు జరగనివ్వరు. మీకు ఇబ్బంది కలిగించిన ఆ పులుపే వైన్‌ను దశాబ్దాలపాటు నిలబెడుతుంది.

ధర సంగతికి వస్తే, 1626 నుంచి ఈ వృత్తిలో ఉన్న ట్రింబాక్ కుటుంబాన్ని చూడండి. వారి ‘క్లో సాంత్ ఉన్’ అనే రీస్లింగ్ అల్సాస్‌లోని ఉనావీర్ గ్రామంలోని సున్నపురాతి నేలలో, 1.67 హెక్టార్ల తోటలో పండుతుంది. అంటే మన లెక్కలో నాలుగెకరాల పైచిలుకు. ఆ తోట పేరుతో తొలి వైన్ 1919 నాటిది; అల్సాస్ జర్మనీ చేతినుంచి ఫ్రాన్సుకు తిరిగివచ్చిన రోజులవి. వోజ్ పర్వతాలు పడమటి మబ్బులను ఆపేయడంతో పక్కనున్న కొల్మార్‌లో వర్షపాతం మన అనంతపురం సగటుకు దగ్గరగానే ఉంటుంది కనుక కాయ కుళ్లకుండా తీగమీదే నిదానంగా పండుతుంది. సీసాలకెత్తాక కూడా ఆ కుటుంబం వెంటనే అమ్మదు, ఏళ్లకేళ్లు నేలమాళిగలో ఉంచుతుంది. కొద్దిపాటి పంట, అన్నేళ్ల పెట్టుబడి, ప్రపంచమంతటి గిరాకీ కలిస్తే ధర అలా కాక మరెలా ఉంటుంది?

ప్రశ్న: అలాంటి సీసా ఒకటి హైదరాబాదు తెచ్చుకుని బీరువాలో దాచుకోవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: విదేశం నుంచి వచ్చే వయోజనులు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు. బీరువా మాత్రం వద్దు. వైన్‌కు 12 డిగ్రీల ప్రాంతపు స్థిరమైన చల్లదనం కావాలి, మన మేనెల ఒక్కటి చాలు దాన్ని పాడుచేయడానికి. ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది నెలల్లో తాగేయండి. ఉప్పు, మిరియాలు పట్టించి వేయించిన కొరమీను దానికి చక్కగా నప్పుతుంది. చేపల పులుసు పక్కన పెడితే చింతపండు ముందు దాని రుచి తేలిపోతుంది.