ముందు పైపు చూసుకో బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. నువ్వు ఆర్‌ఈసీలో (మీరు నిట్ అంటారు, మాకు ఇప్పటికీ ఆర్‌ఈసీనే) మురుగునీళ్లలోంచి హార్మోన్లను దెబ్బతీసే రసాయనాలను బొగ్గుతో తీసే పని మొదలుపెట్టావట, వచ్చే వారమే నయీంనగర్ నాలా దగ్గర శాంపిళ్లు పడతావట. సంతోషంతో ఏడుపొచ్చింది. తర్వాత నిద్ర పట్టలేదు.

సీసాలు గాజువే వాడు. సబ్బు వద్దు, కొన్ని సబ్బుల్లోని పదార్థమే విరిగి నువ్వు వెతికే నోనైల్‌ఫినాల్ అవుతుంది; మిథనాల్‌తో కడుగు. ఐసులో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చు. మ్యాన్‌హోల్‌లోకి తల పెట్టావో, నేనే వచ్చి చెవి మెలేస్తా. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి ఆగిపోయిందంటే గ్యాసు పోయిందని కాదు, ముక్కు మొద్దుబారిందని. ఒంటరిగా అస్సలు పోకు.

ఇక నా తప్పు విను. నేను కూడా ఒకప్పుడు ఇట్లాగే బొగ్గు కాలమ్ (బొగ్గు నింపిన నిలువు గొట్టం) పెట్టా. లోపలికి పోయే నీళ్లలో థాలేట్లు (ఇవీ హార్మోన్లను దెబ్బతీసేవే) తక్కువ, బయటికి వచ్చే నీళ్లలో ఎక్కువ! మూడు నెలలు అదే రిపోర్టు. సీసాలు మోసే పిల్లగాడు ఒకడుండేవాడు, వడ్డేపల్లి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, దారిలో ఒకదానికొకటి తగిలి పగలకుండా ఒక్కో సీసాకు వాళ్లమ్మ పాత చీర ముక్క చుట్టేవాడు. లేబుళ్లు తారుమారు చేశావని అందరి ముందు వాడి మీద అరిచా. "లేదు మేడం" అన్నాడు, అంతే. మర్నాటి నుంచి రాలేదు. తర్వాత ఏదో అనుమానమొచ్చి డిస్టిల్డ్ వాటర్‌ను కాలమ్ తర్వాత నేను బిగించిన కొత్త మెత్తని ప్లాస్టిక్ పైపులో రాత్రంతా ఉంచి పంపిస్తే అందులోనూ అవే థాలేట్లు. పైపును మెత్తగా ఉంచడానికి కలిపేవే అవి. మొదటి రోజే ఇట్లా శుద్ధమైన నీళ్లతో బ్లాంక్ పరీక్ష పెట్టి ఉంటే ఒక్క రోజు పని. వాడి కోసం రెండుసార్లు వడ్డేపల్లి పోయా, ఇల్లు ఖాళీ చేశారు.

అందుకే స్టీలు, టెఫ్లాన్ వాడు, ప్రతిసారీ బ్లాంక్ పెట్టు. నువ్వు చూసేది లీటరుకు నానోగ్రాముల లెక్క. కెనడాలో ఒక చెరువులో 2001 నుంచి మూడు వేసవులు గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాములుండేలా కలిపితే మగ చేపల ఒంట్లో గుడ్డు సొనకు సంబంధించిన ప్రోటీన్ తయారైంది, అందులోని ఒక రకం చిన్న చేపలు దాదాపు లేకుండా పోయాయి. అంత తక్కువ లెక్కలో పైపు నుంచి, చేతి నుంచి ఏది వచ్చి కలిసినా రిపోర్టు తప్పే.

ఇంకోటి, బొగ్గు నిండిపోయినా నీళ్లు తేటగానే వస్తాయి, కంటిని నమ్మకు. మన ఒంట్లోంచి హార్మోన్లు వేరే వాటితో ముడిపడి బయటికొస్తాయి, అట్లా ఉన్నప్పుడు పరీక్షలో హార్మోన్‌గా లెక్కకు రావు; మురుగులోని బ్యాక్టీరియా ఆ ముడి విప్పుతుంది. అందుకే ఒక్కోసారి మురుగునీళ్లను శుద్ధి చేసే ప్లాంటు లోపలికి పోయే నీళ్లకంటే బయటికి వచ్చేవాటిలో ఎక్కువ చూపిస్తుంది. అట్లా వస్తే ఎవరి మీదా అరవకు, నాకు ఫోన్ చెయ్.

ఐసు పెట్టె కొనకు, నా పాతది మీ బాపుతో పంపిస్తున్నా. అడుగున రెండు చీర ముక్కలుంటాయి. పారేయకు.

మీ అత్తమ్మ