బీరువా అరలో దొరికిన రసీదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్ళయిన ఏడాదికే బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో స్థిరపడ్డాం. 27 ఏళ్ళ కాపురం. 7 నెలల క్రితం నా భర్త గుండెపోటుతో పోయారు. ఇన్సూరెన్సు కాగితాల కోసం వెతుకుతుంటే, బీరువా అరలో హోసూరులోని ఒక ఇంటి అద్దె ఒప్పందం, 9 ఏళ్ళ పాప స్కూలు ఫీజు రసీదు దొరికాయి. రసీదులో తండ్రి పేరు ఉన్నచోట ఆయన పేరే ఉంది. పాలసీలో నామినీగా ‘భార్య’ అంటూ మరొకామె పేరు రాశారు. నా పుట్టింటివాళ్ళు పెట్టిన కాసులపేరు, గాజులు ఏడాదిన్నర క్రితమే బ్యాంకులో కుదువకు వెళ్ళాయి. ముగ్గురు మనుషులు ఇంటికి వచ్చి, ఆయన అప్పుకు నన్ను కొత్త ప్రోనోటు రాసివ్వమంటున్నారు. మా అత్తగారికి ఈ సంగతులన్నీ తెలుసట. అడిగితే, పోయినవాడి తప్పులు ఎంచకూడదన్నారు. పెళ్ళికాని కూతురికి చెప్పాలా? మా అబ్బాయి నెలనెలా మాసికం పెడుతుంటే వంట చేయడానికి కూడా నాకు చేతులు రావడం లేదు.
(పేరు వద్దు, బెంగళూరు)

జవాబు: మీరు ఉత్తరం చివర, తప్పు చేస్తున్నట్టుగా రాసిన వాక్యంతోనే మొదలుపెడతాను. చేతులు రాకపోతే వండకండి. కర్మ చేసేది మీ అబ్బాయి, అతను తన తండ్రికి చేసుకుంటున్నాడు. వంట మరొకరి చేత చేయించవచ్చు, లేదా స్వయంపాకం ఇచ్చి పంపవచ్చు. ఆ పూట మీరు పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చున్నంత మాత్రాన ఎవరికీ అపచారం జరగదు.

ఆయన బతికి ఉంటే మీరు నిలదీసేవారు, పోట్లాడేవారు, పుట్టింటికి వెళ్ళిపోయేవారు, చివరికి ఏదో ఒక సమాధానం వినేవారు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. మీరు ఏడిస్తే చూసినవాళ్ళు భర్త పోయిన దుఃఖమనే అనుకుంటారు. ఆయన మీద కోపంగా ఉన్న పూటే ఆయన కోసం బెంగ పుట్టవచ్చు, అందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. 27 ఏళ్ళలో ఎంత నిజం, ఎంత అబద్ధం అన్న లెక్క ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. పోయినవాళ్ళ తప్పులు ఎంచకూడదన్న మాట ఊరివాళ్ళు నలుగురిలో చెప్పుకోకుండా ఉండడానికి పుట్టిందే తప్ప, ఒంటి మీది బంగారం పోగొట్టుకున్న భార్య నోరు మూయడానికి కాదని నా నమ్మకం. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. మీ ఊళ్ళోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఆ సేవకు మూలస్థానం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక కాగితాల సంగతి. వీటిలో బంగారమే అన్నిటికంటే తొందర. వాయిదాలు తప్పితే బ్యాంకు నోటీసు ఇచ్చి వేలం వేస్తుంది. ఆ నోటీసు మీ ఇంటికి కాక హోసూరు ఇంటికి వెళ్ళి ఉండే అవకాశమూ ఉంది. మరణ ధ్రువపత్రం, మీ పెళ్ళి రుజువులు తీసుకుని వెళ్ళి, బాకీ ఎంత, గడువు ఎప్పుడు అని లిఖితపూర్వకంగా అడగండి. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు స్త్రీధనం, వాటి మీద పూర్తి హక్కు భార్యదేనని ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అయినా బ్యాంకు ముందు తన బాకీ అడుగుతుంది కనుక, విడిపించడానికి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచండి; ఆ మొత్తాన్ని ఆయన ఆస్తిలోంచి రాబట్టుకోవడానికి అదే మీకు ఆధారం.

ప్రోనోటు మీద సంతకం చేయవద్దు. భర్త ఒక్కడే చేసిన అప్పుకు, మీరు సహ రుణగ్రహీతో హామీదారో కాకపోతే, మీరు సొంతంగా బాధ్యులు కారు. అప్పులవాళ్ళు ఆయన వదిలిన ఆస్తి మేరకే అడగగలరు. కొత్త నోటు రాసిచ్చారంటే ఆ అప్పు మీదైపోతుంది. ఆ ముగ్గురూ తొందరపెడుతున్నది అందుకే.

పాలసీ విషయంలో ఆలస్యం చేయకుండా, వివాదం ఉందని ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమేనని సుప్రీంకోర్టు 1984లో చెప్పింది. ఇన్సూరెన్సు చట్టానికి 2015లో చేసిన సవరణలో మాత్రం, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్ళదే అవుతుందని ఉంది. మీరు ఉండగా ఆమెతో పెళ్ళి జరిగినా అది చెల్లదు కాబట్టి, ‘భార్య’ అని రాసినంత మాత్రాన ఆమె భార్య కాదు. కానీ డబ్బు ఒకసారి చెల్లించాక తిరిగి రాబట్టడం కష్టం, కనుక వకీలుతో మాట్లాడి కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇప్పుడు మీకు రుచించని మాట ఒకటి చెప్పాలి. వీలునామా లేకపోతే, ఆయన ఆస్తిలో మీకు, ఇద్దరు పిల్లలకు, మీ అత్తగారికి తలా ఒక సమభాగం వస్తుంది. హోసూరు ఆమెకు వారసత్వ హక్కు లేదు. అయితే పెళ్ళి తంతు జరిగిందని, పాప ఆయన బిడ్డేనని రుజువైతే, ఆ పెళ్ళి చెల్లకపోయినా హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ పాపను సక్రమ సంతానంగానే చూస్తుంది. తండ్రి ఆస్తిలో పాపకూ భాగం ఉంటుంది. 9 ఏళ్ళ పిల్ల మీకు ఏ ద్రోహమూ చేయలేదు. ఆ పిల్లను దగ్గరకు తీయమని నేను అడగను, కానీ నాడకచేరిలో (మీ దగ్గరి రెవెన్యూ కార్యాలయంలో) వంశవృక్షానికి, అంటే కుటుంబ సభ్యుల వివరాల పత్రానికి, అఫిడవిట్ ఇచ్చే ముందు పాప సంగతి వకీలుకు దాచకుండా చెప్పండి.

అత్తగారితో తేల్చుకోవడం ఇప్పుడే వద్దు. ఆవిడా వారసురాలే, కాగితాల మీద ఆవిడ సంతకాలు కావాలి. పైగా కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఆవిడ దాచిపెట్టిన నేరం చిన్నదని నేను అనడం లేదు.

అమ్మాయికి మాత్రం చెప్పండి, అదీ మీ నోటితోనే. కోర్టు నోటీసులోనో బంధువుల గుసగుసల్లోనో తెలిస్తే, తండ్రితో పాటు తల్లి కూడా దాచిందని ఆ పిల్ల బాధపడుతుంది. చెప్పేటప్పుడు అబ్బాయిని కూడా కూర్చోబెట్టుకోండి. ఈ సంచిక మీ చేతికి అందిన మర్నాడే, అతన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి.