ఆ ఒక్క వాక్యం దాచకు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్న స్నేహితుడిగా, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. బ్రిటన్‌లో చదువుకుంటూ, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (పేరులోనే అలసట ఉన్న, ఏళ్ళ తరబడి వదలని జబ్బు) రోగులతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులు కావాలంటే వెళ్ళి గుండెకి ఎమ్మారై తీయించుకున్నావు. మంచి పని. కానీ "సైన్సు కోసం నా గుండెనే ఇచ్చాను" అని మొదలుపెట్టావు చూడు, అది కొట్టేశాను. నువ్వు ఇచ్చింది ఒక గంట.

మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. "వ్యాయామం చేస్తావా అని అడిగారు, పెద్దగా చెయ్యనంటే సరే రమ్మన్నారు, కాస్త సిగ్గేసింది." అంతే, అక్కణ్ణుంచి ఒక్క దూకు దూకి మిషన్ చప్పుడులో పడ్డావు. రోజూ పరిగెత్తే నీ రూమ్మేట్‌ని వద్దని, రెండో అంతస్తుకి కూడా లిఫ్ట్ ఎక్కే నిన్ను ఎందుకు తీసుకున్నారు? చదివేవాడు అడగబోయేది అదే. నువ్వు జవాబు చెప్పకుండా వదిలేశావు.

ఇలాంటి తప్పు నేనూ చేశాను. పదిహేనేళ్ళ కిందటి మాట. ఈ రోగుల్లో కొందరి గుండె మామూలు కన్నా చిన్నగా ఉందని జపాన్ డాక్టర్లు ఛాతీ ఎక్స్‌రేలు చూసి చెప్పారు. నేనేమో జబ్బు మూలం దొరికిపోయినట్టే రాసేశాను. వారం తిరక్కుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, నెలల తరబడి మంచాన పడుంటే ఎవరి గుండె మాత్రం తగ్గదు?" కింద పేరు లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

ఆ ప్రశ్నలో పస ఉంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి చూశారు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురికి మళ్ళీ పరీక్షలు చేశారు. ఒంటికి శ్రమ చేసే శక్తి ముప్పై ఏళ్ళ వయసు వల్ల తగ్గిన దానికంటే ఆ మూడు వారాల పడక వల్లే ఎక్కువ తగ్గిందని తేలింది. ఇక రోగి గుండెని తీసుకెళ్ళి నీ రూమ్మేట్ గుండె పక్కన పెడితే ఏం తెలుస్తుంది? తేడా జబ్బుదో, మంచానిదో చెప్పలేం. అందుకే నువ్వు కావాల్సొచ్చింది. ఒళ్ళు కదల్చకపోవడమే అక్కడ నీ అర్హత. నవ్వొచ్చే సంగతే, నవ్విస్తూనే రాయి.

న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ప్రచురించిన పరిశోధన వెతికి చదువు. పోలిక కోసం వాళ్ళు తీసుకున్నది నీలాంటి కూర్చునే బాపతునే. అయినా రోగుల గుండె గదుల పరిమాణం తక్కువ వచ్చింది. అది ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఎంత ఉందన్నదానితో ముడిపడింది కానీ, జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందన్నదానితో ముడిపడలేదు. అలా అని నాలాగా కేసు మూసెయ్యకు. చిన్న గుండె, తక్కువ ప్లాస్మా రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

నాకు బాగా నచ్చింది గళ్ళ బొమ్మ. సిరా లేదు, సూది లేదు, స్కానరే గుండె కండరం బొమ్మ మీద నల్ల గీతలు పడేలా చేసి, గుండె కొట్టుకుంటుంటే ఆ గళ్ళు ఎలా వంకరపోతాయో చూస్తుందని రాశావు. అక్కడ ఇంకాస్త ఆగు. గుండె ముడుచుకునేటప్పుడు కింది కొస ఒకవైపు, పైభాగం ఇంకోవైపు తిరుగుతాయి, తడి దుప్పటి పిండినట్టు. మెలి విడితేనే మళ్ళీ రక్తం సరిగ్గా నిండుతుంది. రోగుల్లో ఆ విడటం ఆలస్యమవుతోందని న్యూకాసిల్ వాళ్ళే 2012లో చూపించారు. రెండు గుంపులూ కలిపి పాతికమంది లోపే. ఆ సంగతి కూడా రాయి, బ్రాకెట్లో కాదు, వాక్యంలోనే.

శీర్షిక "చిన్న గుండె మనుషులు" అన్నావు. వద్దు. మన భాషలో గుండె అంటే ధైర్యం కూడా. "నీకేం లేదు, అంతా నీ మనసులోనే" అని ఏళ్ళ తరబడి వింటున్నవాళ్ళని పట్టుకుని పిరికివాళ్ళన్నట్టు ఉంది. "అలసట" అన్న మాటతోనూ అదే చిక్కు. పెళ్ళిపనులు చేసి వచ్చే అలసట పడుకుంటే పోతుంది. వీళ్ళల్లో ఒకరు తలంటుకుంటే మర్నాడు, ఆ మర్నాడు కూడా లేవలేకపోవచ్చు. దానికి ఒక్క పదం వెతకొద్దు, ఆ తలంటు సంగతే చెప్పు.

స్కాన్ అయ్యాక బస్సెక్కి క్లాసుకి వెళ్ళిపోయానని రాశావు, ఉంచు. అదే గంట కోసం వచ్చిన రోగికి ఆ వారమంతా పోయుండొచ్చు. గది దాటి రాలేనివాళ్ళ గుండె అసలు ఏ బొమ్మలోనూ పడదు.

ఇక చివరి పేరా మొత్తం తీసెయ్. "బద్ధకం వదిలి అందరం రోజూ నడుద్దాం, రోజుకి కొంచెం పెంచుకుంటూ పోదాం" అన్నావు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి అలా లెక్కగా వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వొద్దని బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్స మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే చెప్పింది. నీ వ్యాసం చదివి, ఏ ఇంట్లోనో పడుకుని ఉన్న పిల్లని వాళ్ళ పెదనాన్న లేపి నడిపిస్తాడు.

తిరగరాసి పంపు. వర్డ్ ఫైల్ అయితే మేలు, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి