బనియన్ బట్ట టాప్ మెడ అలలుగా లేస్తోందా?

మెడ చుట్టూ కుట్టే పట్టీని మెడ కొలతకు సరిసమానంగా కత్తిరించి ఉంటారు. చొక్కా లోపల వేసుకోవడానికి కుట్టుకున్న టాప్ గురించి ఒకరు "మెడ అలలుగా లేస్తోంది, తల దూర్చితే దారం పటపటా తెగుతోంది" అన్నారు, అవి రెండు వేర్వేరు తప్పులు.

ముందు మెడ సంగతి. చాలామంది ఇక్కడే తప్పుతారు: పట్టీ మెడ కన్నా పొట్టిగా ఉండాలి.

1. భుజాలు కుట్టాకే మెడ చుట్టుకొలత తీయండి. 24 అంగుళాలు వస్తే పట్టీ 20.5, అతుకుకు ఇంకో అర అంగుళం. బట్ట ఎటు ఎక్కువ సాగితే అటే పట్టీ పొడవు.
2. పట్టీని, మెడను విడివిడిగా నాలుగు సమభాగాలు చేసి గుండుసూదులు పెట్టండి. మెడ పక్క గుర్తులు భుజం కుట్టు మీద పడవు, కాస్త ముందుకు వస్తాయి. అదే కరెక్ట్.
3. కుట్టేటప్పుడు పట్టీనే సాగదీయండి, టాప్‌ను లాగొద్దు.

తర్వాత ఇస్త్రీ పెట్టెను ఆవిరితో అద్దండి, రుద్దకండి.

దారం తెగడానికి కారణం నేరుకుట్టు. సన్నని జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పడే కుట్టు) పెట్టండి, మామూలు సూది తీసి బాల్‌పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది) వేయండి. చంకల దగ్గరా ఇదే కుట్టు, ఇదే సూది.

మన వరంగల్ ఎండకు చొక్కా లోపల వేసుకునేదే కాబట్టి పల్చటి కాటన్ బనియన్ బట్టే మేలు. కత్తిరించేముందు ఒకసారి ఉతికి ఆరేయండి, కుంచించుకుపోతుంది.