అమ్మ ఇచ్చిన కిడ్నీకి కూడా రిజెక్షనా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, మాది పర్లాకిమిడి. మా ఆయనకి నాలుగేళ్ళ కిందట వైజాగ్‌లో కిడ్నీ మార్చారు, మా అత్తగారే ఇచ్చారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఎప్పుడూ 1.3 దాటలేదు. మొన్న పెళ్ళిళ్ళ సీజన్‌లో కొట్టు వదిలి వెళ్ళడం కుదరక, ఇక్కడ షాపుల్లో కిడ్నీ మార్చాక రోజూ వేసుకోవాల్సిన మాత్ర దొరక్క, కొన్నాళ్ళు మందుల్లేకుండానే ఉండిపోయారు. ఇప్పుడు క్రియాటినిన్ 2.2, బయాప్సీ (కిడ్నీ ముక్క) తీసి యాంటీబాడీ రిజెక్షన్, అంటే ఒళ్ళే కిడ్నీని తిప్పికొడుతోంది అన్నారు, ప్లాస్మా మార్చాలంట. నొప్పి లేదు, యూరిన్ బాగానే వస్తాది, బ్లడ్ గ్రూప్ కూడా కలిసిందే కదా. నా కిడ్నీయే పడలేదని అత్తగారు సరిగ్గా అన్నం తినట్లేదు. మళ్ళీ డయాలసిస్సేనా?

జవాబు: ముందు ఈ జవాబు మీ అత్తగారికి చదివి వినిపించండమ్మా. నాలుగేళ్ళు 1.3 మీద నడిచిందంటే అది మంచి కిడ్నీ, ఆవిడ తప్పు ఏమీ లేదు. ఒక కిడ్నీతో ఉన్న మనిషి ఆవిడ, అన్నం మానకూడదు, ఏడాదికోసారి ఆవిడకి కూడా బీపీ, క్రియాటినిన్, యూరిన్ టెస్ట్ చేయించండి.

బ్లడ్ గ్రూప్ కలవడం ఒక్కటే సరిపోదు. మన కణాల మీద హెచ్ఎల్ఏ అనే గుర్తులుంటాయి, బిడ్డకి అవి సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి, అందుకే అమ్మ కిడ్నీలో కూడా సగం గుర్తులు కొడుకు ఒంటికి కొత్తవే అయ్యుండొచ్చు. రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్ లాంటి మాత్రలు పడుతున్నన్నాళ్ళూ ఒళ్ళు చాలావరకు వాటి జోలికి పోదు. మాత్రలు ఆగితే ఆ గుర్తుల మీద దాడి చేసే యాంటీబాడీలు అనే ప్రొటీన్లు రక్తంలో తయారై, కిడ్నీలో సన్నటి రక్తనాళాల లోపలి పొరని పట్టుకుని పాడుచేస్తాయి. చాలాసార్లు నొప్పి రాదు, యూరిన్ తగ్గదు, అదే దీంతో బాధ, క్రియాటినిన్ పెరిగి మనకి తెలిసేసరికి లోపల కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. మీరు రాసిందాన్ని బట్టి ఆ గ్యాపే కారణం అయ్యుండొచ్చు, కానీ ఇప్పుడు మీ ఆయన్ని తిట్టి లాభం లేదు.

డయాలసిస్సే అని ఇప్పుడే అనుకోకండి. ప్లాస్మా మార్పిడితో ఉన్న యాంటీబాడీలు తీసేస్తారు, మళ్ళీ పుట్టకుండా ఐవీఐజీ అనే ఇంజెక్షన్ నరంలోకి ఇస్తారు, కొందరికి రిటుక్సిమాబ్ అనే మందు కూడా, టాక్రోలిమస్ డోసు సరిచేస్తారు. త్వరగా పట్టుకున్న కేసుల్లో క్రియాటినిన్ చాలావరకు దిగొచ్చు. బయాప్సీలో క్రానిక్, అంటే పాతబడిన నష్టం అని ఉంటే మాత్రం పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని ఎక్కువకాలం కాపాడుకోవాలి. రిపోర్టులో అదే అడగండి. ఫెల్జార్టమాబ్ అనే కొత్త మందు మీద 2024లో 22 మందితో చేసిన ట్రయల్ ఆశ కలిగించేలా ఉంది, కాకపోతే అది చిన్న ట్రయల్.

ఇంకొకటి, మీ వైపు నుంచి వచ్చే పేషంట్లలో పదేపదే చూస్తుంటాను. తెల్లవారుజామున బస్సెక్కేముందు ఇంట్లోనే మాత్ర వేసేసుకుని, వైజాగ్‌లో పదకొండింటికి రక్తం ఇస్తారు. టాక్రోలిమస్ లెవెల్, అంటే రక్తంలో ఆ మందు ఎంత ఉందో, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు చూడాల్సింది, ముందే వేసుకుంటే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే మళ్ళీ ఇదే గొడవ. పొద్దుటి మాత్ర జేబులో పెట్టుకోండి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి. ఇంట్లో ఎప్పుడూ కనీసం రెండు వారాల మందు అదనంగా ఉండాలి, వానల్లో బస్సులు ఆగినా ఇబ్బంది ఉండదు. బ్రాండ్ మార్చాల్సొస్తే డాక్టర్‌కి చెప్పి లెవెల్ మళ్ళీ చూపించండి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ మొదలుపెడితే లెవెల్ బాగా పడిపోతుంది, ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా కిడ్నీ మార్చారని ముందే చెప్పండి.

ప్రశ్న: మాది రాయగడ. మా ఆవిడకి కిడ్నీ ఇద్దామనుకున్నాను, ఇద్దరిదీ ఓ పాజిటివే. క్రాస్‌మ్యాచ్ (నా కణాలకీ ఆవిడ రక్తానికీ పడుతుందా అని చూసే టెస్ట్) పాజిటివ్, అంటే పడదు, కుదరదన్నారు. మాకు ముగ్గురు పిల్లలు. ఎందుకిలా?

జవాబు: పిల్లలవల్లే అయ్యుండొచ్చండీ. కడుపులో బిడ్డకి సగం మీ గుర్తులే కదా, కాన్పుల్లో మీ ఆవిడకి వాటిమీద యాంటీబాడీలు తయారవుతాయి, రక్తం ఎక్కించినా అంతే. ఆవిడ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో క్రాస్‌మ్యాచ్ చూపించండి. కుదరకపోతే మీలాంటి ఇంకో జంటతో కిడ్నీలు మార్చుకోవచ్చు, 2011 చట్ట సవరణ దానికి అనుమతి ఇచ్చింది, మీ ఆస్పత్రి కోఆర్డినేటర్ దగ్గర పేరు రాయించండి. ఈలోపు అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించనివ్వకండి, హిమోగ్లోబిన్ తక్కువుంటే రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ గురించి అడగండి.