బర్త్ సెంటర్‌లో కాన్పు గురించి, మా అమ్మాయికి

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. ఐదో నెల నడుస్తోంది, ఇప్పటిదాకా అన్నీ బాగున్నాయన్నారు, మిడ్‌వైఫులు (కాన్పు చేయడంలో శిక్షణ పొందినవాళ్లు) నడిపే బర్త్ సెంటర్‌లో కాన్పు చేయించుకోవాలని ఉంది, బిడ్డకేమైనా ప్రమాదమా పెద్దమ్మా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. పైగా అల్లుడు కూడా చదవాలి. అందుకే రాస్తున్నాను. నా ఉద్యోగమంతా లేబర్ రూమ్‌లోనే గడిచింది కాబట్టి నిన్ను భయపెట్టకుండా, ఊరికే ధైర్యమూ చెప్పకుండా, తెలిసింది తెలిసినట్టు రాస్తాను.

ముందు నువ్వడిగినదానికి జవాబు. ఏ చిక్కూ లేని గర్భిణికి పద్ధతిగా నడిచే బర్త్ సెంటర్‌లో కాన్పు వల్ల బిడ్డకు అదనంగా కీడు జరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. తల్లికైతే చాలావరకు మేలే. ఇంగ్లండ్‌లో ఇలాంటి గర్భిణులను 64,000 మందికి పైగా గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మిడ్‌వైఫుల కేంద్రాన్ని ఎంచుకున్నవాళ్ల బిడ్డలకూ, డాక్టర్లుండే ఆసుపత్రిని ఎంచుకున్నవాళ్ల బిడ్డలకూ తీవ్రమైన హాని విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండుచోట్లా అది అరుదే, మొత్తం మీద 1,000 కాన్పులకు నాలుగైదు. తల్లుల దగ్గరకొస్తే తేడా బాగా కనబడింది. కేంద్రాలను ఎంచుకున్నవాళ్లలో సిజేరియన్లు, కింద కోత పెట్టడం, డ్రిప్ పెట్టి నొప్పులు పెంచడం అన్నీ తగ్గాయి.

అమెరికాలో 79 బర్త్ సెంటర్లలో 15,574 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన లెక్క ఇంకొకటి ఉంది. అక్కడ నొప్పులు మొదలయ్యాక కేంద్రంలో చేరినవాళ్లలో సిజేరియన్ అయింది దాదాపు 6 శాతానికే. ఆ దేశం మొత్తం మీద ముగ్గురిలో ఒకరికి సిజేరియన్ అవుతుంది. అలాగని ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడకమ్మా. కేంద్రంలో చేరేవాళ్లు ముందే ఏరిన ఆరోగ్యవంతులు. దేశం లెక్కలో కవలల తల్లులు, బీపీ ఉన్నవాళ్లు, పాత ఆపరేషన్ ఉన్నవాళ్లు అందరూ కలుస్తారు. ఎవరైనా ఈ పోలిక చూపించి సెంటర్‌ను పొగిడితే నమ్మేయకు.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇక్కడే ఉంది. ఆ మంచి ఫలితాలు తెచ్చింది రంగు గోడలూ, నీళ్ల తొట్టీ కాదు. ఎవరిని చేర్చుకోకూడదో తెలియడం, ఎవరిని ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో తెలియడం. సెంటర్ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ ఎన్ని కాన్పులయ్యాయని కాదు, ఎంతమందిని, ఎందుకు పంపించారని అడుగు.

నీది తొలి కాన్పు కాబట్టి ఈ సంగతి మరీ ముఖ్యం. ఆ ఇంగ్లండ్ లెక్కలో ఆసుపత్రికి దూరంగా విడిగా ఉండే కేంద్రాలను ఎంచుకున్న తొలిచూలు వాళ్లలో 100కి 36 మందిని కాన్పు సమయంలోనో, అయిన వెంటనేనో ఆసుపత్రికి మార్చారు. అంతకుముందు కన్నవాళ్లలో 100కి తొమ్మిదిమందినే. ఈ 36 చూసి గుండె జారిపోనక్కర్లేదు. చాలామందిని మార్చేది నొప్పులు ముందుకు సాగక, ఒళ్లు అలిసిపోయి, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు) కావాలనిపించి, లేదా ఉమ్మనీరు పచ్చగా కనబడి. పరుగులు పెట్టాల్సిన సందర్భాలు కొద్దే. అమెరికా లెక్కలో తల్లినో బిడ్డనో అత్యవసరంగా తరలించాల్సి వచ్చింది 100కి ఇద్దరి లోపే. అయినా నువ్వూ అల్లుడూ ఇప్పటినుంచే మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. మీకు కాన్పు మధ్యలో ఆసుపత్రికి వెళ్లే అవకాశం బాగానే ఉంది, అది ఓడిపోవడం కాదు. వేళకు పంపించడమంటే ఆ సెంటర్ తన పని సరిగ్గా చేసినట్టే.

ఎవరో బర్త్ సెంటర్‌నూ ఇంటి కాన్పునూ ఒకే గాటన కట్టి మాట్లాడితే వినకు. అదే అధ్యయనంలో తొలి కాన్పు ఇంట్లో చేసుకోవాలనుకున్నవాళ్ల బిడ్డలకు హాని ఎక్కువని తేలింది, 1,000కి తొమ్మిది చొప్పున. ఆసుపత్రి అనుకున్న తొలిచూలు వాళ్లలో అది ఐదు చొప్పున ఉంది. ఇల్లు వేరు, సెంటర్ వేరు.

ఇక ఎవరిని చేర్చుకోకూడదు? కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, మాయ కిందికి ఉండటం, బీపీ, ఇన్సులిన్ వాడే షుగర్, బాగా తగ్గిన రక్తం, పాత సిజేరియన్, 37 వారాలు నిండకముందే వచ్చే నొప్పులు. వీటిలో ఏదున్నా పద్ధతిగా నడిచే సెంటర్ నిన్ను ఆసుపత్రికే పంపుతుంది. "ఫరవాలేదమ్మా, మేం చూసుకుంటాం" అన్నారంటే అక్కడినుంచి వచ్చెయ్. ఇది ఒకసారి చూసి వదిలేసే విషయం కూడా కాదు. ఐదో నెలలో బాగున్న బీపీ ఎనిమిదో నెలలో పెరగొచ్చు. ప్రతి చెకప్‌లో మళ్లీ తూచి చూసుకోవాలి.

సెంటర్‌కు వెళ్లినప్పుడు ఇలా అడుగు. "అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు పడిపోతే ఏం చేస్తారు?" సరైన జవాబులో ఆసుపత్రి పేరు ఉంటుంది, అక్కడ ఆ వేళ సిజేరియన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం ఉంటాయో లేదో ఉంటుంది, వాహనం ఎక్కడ నిలబడి ఉంటుందో, నీతో పాటు ఎవరు వస్తారో, ఎన్ని నిమిషాలు పడుతుందో ఉంటుంది. ఆ నిమిషాలు మ్యాప్‌లో చూపించేవి కావు, పట్టపగలు రద్దీలో నిజంగా పట్టేవి. "మా దగ్గర అలాంటివి జరగవు" అన్న జవాబు వస్తే మరో ప్రశ్న అడగాల్సిన పనిలేదు.

గుండె చప్పుడు ఎంతసేపటికోసారి వింటారో కూడా అడుగు. నొప్పులు ఊపందుకున్నాక పావుగంట నుంచి అరగంటకోసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీలాంటి ఆరోగ్యవంతురాలికి పొట్టకు బెల్టు కట్టి నిరంతరం మెషీన్ పెట్టక్కర్లేదు. దానివల్ల సిజేరియన్లు పెరిగాయే కానీ బిడ్డల మరణాలు తగ్గినట్టు తేలలేదు. కానీ మెషీన్ లేనప్పుడు వినే మనిషి నీ పక్కనే ఉండాలి. ఒక మిడ్‌వైఫు నాలుగు గదుల మధ్య తిరుగుతుంటే అది కుదరదు.

నాకు అన్నిటికంటే భయం రక్తస్రావమంటే. ఆరోగ్యంగా ఉండి, కాన్పు చక్కగా అయిన తల్లికి కూడా గర్భసంచి గట్టిపడకపోతే నిమిషాల్లో పరిస్థితి చెయ్యిదాటుతుంది. బిడ్డ పుట్టగానే గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఇంజెక్షన్ ఇస్తారా, పోయిన రక్తాన్ని కొలుస్తారా అని అడిగి తెలుసుకో. కంటితో చూసి అంచనా కడితే ఎంత అనుభవజ్ఞులకైనా ఉన్నదానికంటే తక్కువే అనిపిస్తుంది. గీతలున్న సంచిలో రక్తాన్ని పట్టి, హద్దు దాటిన వెంటనే చేయాల్సిన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్రమైన రక్తస్రావం 60 శాతం తగ్గిందని ఆఫ్రికాలో నాలుగు దేశాల ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన 2023లో చూపించింది. అంత చవకైన సంచి కూడా లేని చోట కాన్పుకు ఎందుకు ఒప్పుకోవాలి?

బిడ్డ విషయంలో మొదటి నిమిషం కీలకం. ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే ఏడుస్తారు, కొందరు తుడిచి వీపు రుద్దితే ఊపిరి తీస్తారు, కొద్దిమందికి మాస్కు పెట్టి బ్యాగ్‌తో గాలి అందించాలి. ఆ బ్యాగ్, మాస్కు నీ గదిలోనే, చేతికందేచోట ఉన్నాయో లేవో కళ్లతో చూసి రా. బీరువాలో తాళం వేసి ఉంటే లేనట్టే. ఈ పని మీద ఈమధ్య ఎప్పుడు శిక్షణ తీసుకున్నారో అడుగు, మొహమాటపడకు.

బిడ్డ బాగుంటే మిగతాదంతా మంచి సెంటర్లు అందంగా చేస్తాయి. బిడ్డను నీ ఎద మీద వేసి, కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు కత్తిరించి, గంటలోపు పాలు పట్టిస్తారు. నువ్వు సెంటర్ కావాలనుకోవడానికి ఇదీ ఒక కారణమని నాకు తెలుసు. నీ కోరిక సరైనదే, నేను కాదనను.

ఒక్క జాగ్రత్త. కొన్ని సెంటర్లు కాన్పయిన కొన్ని గంటలకే ఇంటికి పంపేస్తాయి. మొదటి 24 గంటలూ తల్లీబిడ్డలను ఎవరో ఒకరు గమనించాలి, మూడో రోజులోపు మళ్లీ చూడాలి. వాళ్లు ఇంటికి వచ్చి చూస్తారా, నువ్వే వెళ్లాలా అన్నది ముందే ఖాయం చేసుకో. రక్తం గంటకో ప్యాడ్ తడిసేంత పోయినా, తలనొప్పి విడవకపోయినా, చూపు మసకబారినా, జ్వరం వచ్చినా రాత్రని చూడకుండా బయలుదేరండి. బీపీ వల్ల వచ్చే ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చని చాలామందికి తెలియదు. బిడ్డ పాలు తాగకపోయినా, మొదటి రోజే ఒళ్లు పసుపెక్కినా, ఆయాసపడినా అంతే. ఈ పేరా అల్లుడి చేత రెండుసార్లు చదివించు. ఆ రోజుల్లో నీకు నిద్ర చాలదు, గమనించాల్సింది అతనే.

సెంటర్ నచ్చినా, వాళ్లు పంపే ఆసుపత్రిలో కూడా ఇప్పుడే పేరు నమోదు చేయించు, ఫైల్ కాపీ అక్కడా ఉంచు. 36వ వారంలో బీపీ, రక్తం రిపోర్టు, బిడ్డ తల కిందికి తిరిగిందా లేదా, మాయ ఎక్కడుంది అన్నవి చూసుకుని అప్పుడు తుది నిర్ణయం తీసుకోండి. ఈలోగా సెంటర్ చూసొచ్చి వాళ్లు ఏ ప్రశ్నకు ఏం చెప్పారో వివరంగా రాయి. రిపోర్టులు కూడా పంపు, అన్నీ చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ