ప్రయోగం పాఠమంటేనే కంగారు

ప్రశ్న: మేడమ్, నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నా, సైన్స్ పాఠం చెప్పేయకుండా పిల్లలతోనే ప్రయోగం చేయించి వాళ్లనే కనుక్కోనివ్వమంటున్నారు, కానీ ఏం అడుగుతారో తెలీక ముందు రోజు నుంచే గుండె దడ, క్లాసులో గోల మొదలైతే చిరాకొచ్చి జవాబు నేనే చెప్పేస్తున్నా. ఈ పద్ధతి నాకు సరిపడదేమో?

జవాబు: అలా అనుకోకండి, ట్రైనీలకి ఇది మామూలే. పని మన చేతిలో ఉందా, దానికి విలువుందా అన్న రెండిటి మీదే మన ఆనందమూ ఆందోళనా ఆధారపడతాయంటాడు సైకాలజిస్ట్ రైన్‌హార్డ్ పెక్రున్. మీకు విలువ తెలుసు, చాలనిది పట్టు. అందుకే ప్రయోగం ముందే ఒకసారి చేసి చూసుకోండి, మొదట్లో ప్రశ్న కూడా మీరే ఇవ్వండి.

లోలకమే తీసుకోండి, ఊగే టైమ్ బరువుతో మారుతుందా, పొడవుతోనా? చిన్న ఊపులకి పొడవే లెక్క, 1 మీటరు ఉంటే ఒక పూర్తి ఊపుకి దాదాపు 2 సెకన్లు. ఎవరో ఒకరు బరువుతో మారిందంటారు (స్టాప్‌వాచ్ లేటుగా నొక్కుంటారు, లేదా పెద్ద గుండు కట్టేసరికి పొడవే మారుంటుంది), అప్పుడు తప్పు అనకుండా ఎలా కొలిచావో చూపించమనండి, క్లాసు వాతావరణం మారేది అక్కడే, మిగతావాళ్లకీ నోరు విప్పే ధైర్యం వస్తుంది.

ఇంకోటి, ప్రశ్న వేశాక టీచర్లు దాదాపు 1 సెకనే ఆగుతున్నారని, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఆగండి. గోల అంటారా, లోలకం గురించే వాదించుకుంటుంటే నన్నడిగితే అది గోలే కాదు, మరీ మితిమీరితే గ్రూపులు చిన్నవి చేయండి.